ఎగిరే కుర్చీ: విశాఖ తీరంలో సిట్‌డౌన్ హైడ్రోఫాయిల్ నేర్చుకోవడం ఎలా

పడవ తాడుతో లాగుతుంటే నీటి మీద ఎగిరే ఈ కుర్చీ ఎక్కిన ప్రతి ఒక్కరూ మొదటి అరగంటలో చేసే పొరపాటు ఒక్కటే. పైకి లేవాలన్న ఆత్రంలో వెనక్కి వాలిపోతారు. ఫాయిల్, అంటే కుర్చీ కింద నీళ్లలో ఉండే రెక్కల అమరిక, మనం చెప్పిన మాట తు.చ. తప్పకుండా వింటుంది. మనిషిని మీటరు ఎత్తుకు లేపుతుంది. ముందు రెక్క నీళ్లలోంచి బయటికి వచ్చేస్తుంది. దాంతో పట్టు పోతుంది, మనిషి ధబేలున నీళ్లలో పడతాడు. మొదటి రోజు నేను పదకొండు సార్లు అలాగే పడ్డాను. పన్నెండోసారి తాడు అందుకోబోతుంటే పడవ నడిపే మామ ఇంజిన్ ఆపి, "బాబూ, నువ్వు ఎగరకు. ఊరికే కూసో. నేను లాక్కెల్తాను" అన్నాడు. ఆయన జాలారిపేట మనిషి. ఆ కుర్చీని ఆ పొద్దునే మొదటిసారి చూశాడు. అయినా తెప్ప మీద పెరిగినవాడు కాబట్టి నా తప్పు నాకన్నా ముందు ఆయనకే తెలిసింది. ఊరికే కూర్చున్నాను. రెండు నిమిషాలు పడకుండా వెళ్లాను.

అందుకే ఇక్కడ చెప్పేదాంట్లో సగం ఎగరకుండా ఉండటం గురించే. కింద ఉండటం వచ్చాక పైకి లేవడం దానంతట అదే వస్తుంది. ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు. మీకైనా ముందే తెలియాలని రాస్తున్నాను.

కుర్చీలో ఏముంటుంది

వాటర్ స్కీ లాంటి బోర్డు ఒకటి. దాని మీద నిలువుగా స్టాండు, స్టాండు మీద సీటు, సీటుకు బెల్టు. ముందు వైపు పాదాలు దూర్చుకునే పట్టీలు. బోర్డు కింద దాదాపు మీటరు పొడవున్న కాడ, సాధారణంగా అల్యూమినియంది. దీన్ని స్ట్రట్ అంటారు. ఆ కాడ చివర పడుకోబెట్టినట్టు ఒక కడ్డీ, కడ్డీకి ముందు పెద్ద రెక్క, వెనక చిన్న రెక్క. మొత్తం కలిపి ఇరవై కిలోల పైచిలుకు బరువు ఉంటుంది. ఇసుకలో మోయడానికి ఇద్దరు కావాలి.

ఇది ఎలా పనిచేస్తుందో బొమ్మలు గీసి చెప్పక్కర్లేదు, మన ఆర్.కె. బీచ్‌కు వెళ్తే చాలు. టీయూ-142 విమానం ముందు నిలబడి చూడండి. మధ్యలో పెద్ద రెక్కలు, తోక దగ్గర చిన్న రెక్కలు. పెద్దవి బరువు మోస్తాయి, చిన్నవి ముక్కు పైకో కిందికో పోకుండా అదుపులో పెడతాయి. రోడ్డు దాటి కురుసుర జలాంతర్గామి దగ్గరికి రండి. వెనక ప్రొపెల్లర్ల పక్కన అడ్డంగా పలకలు కనిపిస్తాయి. నీళ్లలో వాటి వాలు కొంచెం మారిస్తే అంత పెద్ద ఓడ ముక్కు పైకో కిందికో తిరుగుతుంది. మన కుర్చీ ఈ రెండింటికీ మధ్యది. రెక్కలు విమానానివి, అవి తిరిగేది మాత్రం జలాంతర్గామి తిరిగే చోట. తేడా ఏమిటంటే, ఇక్కడ పలకలు తిప్పే మీట ఏదీ ఉండదు. ఆ మీట మీ భుజాలే. భుజాలు వెనక్కి వాలితే రెక్క ముక్కు పైకెత్తుతుంది, కుర్చీ లేస్తుంది. ముందుకు వంగితే దిగుతుంది.

ఇంకో రెండు సంగతులు మనసులో పెట్టుకోండి. నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు దట్టమైనది. కాబట్టి మూరెడు రెక్క కూడా పెద్దమనిషిని లేపగలదు. ఇక రెక్క పైకి నెట్టే బలం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. అంటే పడవ గంటకు 20 కిలోమీటర్ల నుంచి 28కి వెళ్లిందంటే, కింద నుంచి వచ్చే తోపు దాదాపు రెట్టింపు అవుతుంది. మీరు కదలకపోయినా సరే, పడవవాడు కాస్త రేజ్ పెంచితే మీరు పైకి లేచిపోతారు. నేర్చుకునేవాళ్లు పడే పాట్లలో సగానికి మూలం ఇదే. పడవ సంగతి దగ్గర మళ్లీ దీనికి వస్తాను.

నీటి రెక్కలు కొత్తవేమీ కావు. ఇటలీలో ఎన్రికో ఫొర్లానీని 1906లోనే మజోరే సరస్సు మీద రెక్కల పడవ నడిపాడు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ బృందం చేసిన హెచ్‌డీ-4 అనే పడవ 1919లో కెనడాలో గంటకు సుమారు 114 కిలోమీటర్ల వేగం అందుకుని అప్పటికి ప్రపంచ రికార్డు పెట్టింది. మనిషి కూర్చుని తాడుతో వెళ్లే ఈ కుర్చీ మాత్రం 1980లలో అమెరికాలో మైక్ మర్ఫీ, బాబ్ వూలీల చేతుల్లో రూపం దిద్దుకుంది. వూలీ దాన్ని ఎయిర్ చెయిర్ పేరుతో అమ్మకానికి తెచ్చాడు. కూర్చోబెట్టడంలోనే తెలివంతా ఉంది. నిలబడితే చీలమండ, మోకాలు, నడుము మూడూ విడివిడిగా కదులుతాయి, కింద రెక్కకు మూడు రకాల మాటలు చెబుతాయి. కుర్చీకి కట్టేస్తే నడుము కింద భాగమంతా బోర్డుతో ఒకే ముద్ద అయిపోతుంది. రెక్క వినాల్సింది ఒక్క పైభాగం మాటే.

ఎక్కడ, ఏ వేళకు

ముందు ఎక్కడ వద్దో చెబుతాను. డాల్ఫిన్స్ నోస్ కొండ పరిసరాలు, హార్బర్ ముఖద్వారం, ఓడలు లంగరు వేసే వైపు పోనే పోవద్దు. నేవీ, పోర్టు హద్దులవి. మేహాద్రిగెడ్డ, ముడసర్లోవ చూడటానికి అద్దంలా ఉంటాయి, మనసు లాగుతుంది. కానీ అవి ఊరికి తాగునీళ్లు ఇచ్చే జలాశయాలు, అక్కడ ఇంజిన్ పడవ ఆలోచనే వద్దు. ఆర్.కె. బీచ్ ముందు నీళ్లు పైకి ఎంత మామూలుగా కనిపించినా లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. ఏటా అక్కడ ప్రాణాలు పోతున్నాయి. దానికి తోడు జనం.

మిగిలింది రుషికొండ నుంచి భీమిలి వరకు ఉన్న తీరం, అదీ కెరటాలు విరిగే గీత దాటి లోపలికి వెళ్లాక. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ) గుర్తింపు వచ్చింది. స్నానాలకు గుర్తు పెట్టిన భాగం దరిదాపుల్లోకి తాడు కట్టిన పడవ రాకూడదు. వాటర్ స్పోర్ట్స్ నడపడానికి అనుమతి ఉన్న బోటువాళ్లతో మాట్లాడుకుని, వాళ్ల పడవలో, వాళ్లు చెప్పిన హద్దుల్లోనే దిగండి. సొంతంగా పడవ దొరికింది కదా అని తెల్లవారుజామున దించేయకండి. మెరైన్ పోలీసులు ఆపితే కుర్చీ ఏమిటో వివరించడానికే మధ్యాహ్నమవుతుంది.

లోతు కనీసం మూడు మీటర్లు ఉండాలి. కాడ మీటరు, పడితే తలకిందులయ్యే మనిషి ఇంకో మీటరున్నర. కింద ఇసుకే ఉండాలి, రాళ్లు ఉండకూడదు. మన తీరంలో నీటి కింద రాళ్ల గుట్టలు చాలాచోట్ల ఉన్నాయి, అవి ఎక్కడున్నాయో వేటకు వెళ్లేవాళ్లకు అరచేతిలో గీతల్లా తెలుసు. వాళ్లను అడగండి. వలలు ఎక్కడ వేశారో కూడా వాళ్లనే అడగండి. నీళ్ల మీద తేలే థర్మోకోల్ ముక్కో ప్లాస్టిక్ డబ్బానో కనిపిస్తే దాని కింద వల ఉందనే లెక్క. రెక్క వలలో చిక్కితే మీకు దెబ్బ, వాళ్లకు నష్టం. ఆ వల ఒక ఇంటి తిండి అని గుర్తుంటే దానికి దూరంగా తిరగమని ఎవరూ చెప్పక్కర్లేదు.

కాలం విషయానికొస్తే, డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్య మంచి సమయం. ఆ వేళ గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, ఒడ్డు దగ్గర నీళ్లు చదునుగా ఉంటాయి. ఎండ ఎక్కాక గాలి అటు నుంచి ఇటు తిరుగుతుంది, నీళ్లు గరుకెక్కుతాయి. పొద్దుటి గాలితో ఒక చిక్కుంది. పడ్డాక అది మిమ్మల్ని మెల్లగా ఒడ్డు నుంచి లోపలికి తోస్తుంది. పడవ పక్కనే ఉండాలి అనడానికి అదో కారణం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నైరుతి రుతుపవనాల వేళ, సముద్రం కొత్తవాళ్లకు పనికిరాదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లెవరూ ఆ నెలల్లో సముద్రాన్ని తేలిగ్గా తీసుకోరు. ముందు రోజు రాత్రి ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే సముద్ర సూచన చూసుకోండి. అలల హెచ్చరిక ఉంటే ఆ రోజుకు మానేయండి.

ఇదే కాలం తాబేళ్లది కూడా. ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు వచ్చేది ఈ నెలల్లోనే. ఊపిరి కోసం నీటి పైకి తల ఎత్తుతాయి. పడవలో ఒక మనిషి ముందుకు చూస్తూ ఉండాలి. తాబేలు కనిపిస్తే ఆపేసి దారి మార్చాలి.

పడవ, తాడు, నడిపే మనిషి

నలభై నుంచి అరవై హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజిన్ ఉన్న పడవ చాలు. స్కీయింగ్‌కు కావలసినంత బలం దీనికి అక్కర్లేదు, ఎందుకంటే బోర్డు నీటిని వదిలాక లాగాల్సిన భారం బాగా తగ్గిపోతుంది. తాడు సాగనిది కావాలి, పొడవు 20 నుంచి 23 మీటర్లు. సాగే నైలాన్ తాడు వద్దు. అది సాగి, మళ్లీ ముడుచుకున్నప్పుడల్లా మిమ్మల్ని ముందుకూ వెనక్కూ ఊపుతుంది.

పడవలో ఇద్దరు ఉండాలి. ఒకరు నడపాలి, ఇంకొకరు వెనక్కి తిరిగి మిమ్మల్నే చూస్తుండాలి. ఒక్కరే రెండు పనులూ చేస్తామంటే ఒప్పుకోవద్దు.

నడిపే మనిషికి ఎక్కే ముందు మూడు మాటలు చెప్పండి. మొదటిది, రేజ్ నెమ్మదిగా ఇవ్వాలి. జెట్ స్కీ వాళ్లకు ఒక్కసారిగా లాగే అలవాటు ఉంటుంది, అది ఇక్కడ పనికిరాదు. రెండోది, కావలసిన వేగం వచ్చాక చెయ్యి కదపకూడదు. గంటకు 24 నుంచి 28 కిలోమీటర్లు, అంటే సుమారు 13 నుంచి 15 నాట్లు. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని చూసుకోవచ్చు. వేగం వర్గం సంగతి గుర్తుందిగా, ఆయన చెయ్యి అటూ ఇటూ ఆడితే మీరు మెట్లెక్కి దిగినట్టు ఊగుతారు. ఇక మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పడ్డ మనిషి దగ్గరికి వచ్చేటప్పుడు ఇంజిన్ పూర్తిగా ఆపాలి, న్యూట్రల్ చాలదు. పడిన మనిషి కాళ్లు పట్టీల్లోనే ఉంటాయి, పక్కకు ఈదలేడు. తిరిగే ఫ్యాన్‌కూ అతనికీ మధ్య ఇంకేమీ ఉండదు.

సైగలు ఒడ్డునే ఖాయం చేసుకోండి. బొటనవేలు పైకి అంటే వేగం పెంచు, కిందికి అంటే తగ్గించు. గొంతు మీద అడ్డంగా చెయ్యి గీస్తే ఆపు. తల మీద తట్టితే వెనక్కి వెళ్దాం. పడ్డాక రెండు చేతులూ తల పైకి ఎత్తితే బాగానే ఉన్నానని. ఈ చివరి సైగ రాకపోతే వెంటనే పడవ తిప్పాలి.

ఒడ్డున చేసే పని

ఈత రావాలి. రాకపోతే ముందు అది నేర్చుకోండి, కుర్చీ ఎక్కడికీ పోదు. లైఫ్ జాకెట్ ఒంటికి బిగుతుగా పట్టాలి, భుజాల దగ్గర పట్టుకుని లాగితే చెవుల దాకా రాకూడదు. హెల్మెట్ తప్పనిసరి. చేతి ఉంగరాలు తీసేయండి. సన్‌స్క్రీన్ ముఖానికి రాసుకోండి గాని అరచేతులకు అంటనీయకండి, హ్యాండిల్ జారుతుంది.

తర్వాత ఫాయిల్ విప్పేసి, సీటు ఉన్న బోర్డును ఒక్కదాన్నే ఇసుక మీద పెట్టి కూర్చోండి. పాదాలు పట్టీల్లో దూర్చండి. మోకాళ్లు దాదాపు పీట మీద కూర్చున్నట్టు వంగాలి. కాళ్లు చాపినట్టున్నా, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నట్టున్నా పట్టీల జాగా మార్చాలి. బెల్టు పొట్ట మీద కాదు, తొడలు మొదలయ్యే చోట పడాలి. బిగించండి, ఇంకా బిగించండి. సీటుకూ ఒంటికీ మధ్య వేలు కూడా దూరకూడదు. వదులుగా ఉంటే మీరు ఒక మాట చెబుతారు, రెక్కకు ఇంకోటి వినిపిస్తుంది.

ఇప్పుడు కళ్లు మూసుకుని బెల్టు విప్పండి. మళ్లీ కట్టండి. ఇరవై సార్లు. కుడి చేత్తో, తర్వాత ఎడమ చేత్తో. ఇది విసుగు పుట్టించే పని, అయినా దీన్ని వదలనివ్వను. తలకిందులుగా ఉప్పునీళ్లలో ఉన్నప్పుడు కళ్లు పనిచేయవు, వేళ్లకు దారి తెలిసి ఉండాలి. వీలైతే ఆ తర్వాత ఛాతీ లోతు నిలకడ నీళ్లలో, పక్కన ఒక మనిషిని పెట్టుకుని, కూర్చుని పక్కకు ఒరిగి మళ్లీ పైకి రావడం నాలుగైదు సార్లు చేయండి.

ఇసుక మీదే ఇంకో సాధన. స్నేహితుణ్ని తాడు పట్టుకుని లాగమనండి. మీరు చేతులు చాచి, హ్యాండిల్ మోకాళ్ల ఎత్తులో పెట్టుకుని, భుజాలు మాత్రం ముందుకూ వెనక్కూ కదపండి. అర అంగుళం ముందుకు, అర అంగుళం వెనక్కి. నీళ్లలో మీరు చేయాల్సిన కదలిక అంతే. చేతులతో తాడును దగ్గరకు లాక్కోవద్దు. లాక్కుంటే తాడు ఒక్క క్షణం వదులవుతుంది, ఆ వెంటనే జర్కు ఇస్తుంది, ఆ జర్కుతో ముక్కు లేస్తుంది. చేతులు తాడుకు కొనసాగింపు, అంతే.

నీళ్లలో మొదలు

ఒడ్డు నుంచి కెరటాల్లో కుర్చీతో ఎప్పుడూ దిగకండి. విరిగే కెరటం ఆ ఇరవై కిలోల లోహాన్ని మీ కాళ్ల మీదికి విసురుతుంది. పడవలో లోపలికి వెళ్లి, ఇంజిన్ ఆపాక, ముందు కుర్చీని నీళ్లలోకి దించండి. రెక్కలు కిందికి వేలాడతాయి, సీటు భాగం తేలుతుంది. మీరు దాని వెనక వైపు నుంచి చేరి, పాదాలు దూర్చి, నడుము సీటు మీదికి తెచ్చుకుని బెల్టు కట్టుకోండి. మొదటి రెండు సార్లు ఒక మనిషి నీళ్లలో మీతో పాటు ఉండి సీటు పట్టుకుంటే పని తేలికవుతుంది.

బెల్టు పడ్డాక వెనక్కి పడుకున్నట్టు తేలండి, పడక కుర్చీలో వాలినట్టు. మోకాళ్లు వంగి ఉండాలి, బోర్డు కొన నీటి పైకి కనిపించాలి, అది పడవ వైపే చూడాలి. తాడు కొనకు ఒక పక్కగా వస్తుంది. హ్యాండిల్ రెండు చేతులతో మోకాళ్ల దగ్గర పట్టుకోండి. అవసరమైతే ఒక చేయి వదిలి, దాంతో నీళ్లు తోస్తూ దిశ సరిచేసుకోవచ్చు.

పడవ గేర్ వేసి, రేజ్ ఇవ్వకుండా, తాడు బిగిసే దాకా మెల్లగా సాగాలి. తాడు బిగిసిన ఆ కొద్ది సేపట్లో బోర్డు పక్కకు ఒరగాలని చూస్తుంది. గింజుకోకండి. నెమ్మదిగా సాగుతున్న నీరే మిమ్మల్ని నిటారుగా నిలబెడుతుంది. బోర్డు కొన తిన్నగా పడవ వైపు తిరిగిందని అనిపించాకే "సరే" అనండి. అప్పుడు పడవవాడు ఐదారు సెకన్లు తీసుకుని వేగం పెంచాలి. నీళ్లు ముఖాన కొడతాయి, నడుము నీళ్లలోంచి బయటికి వస్తుంది, బోర్డు నీటి మీద పరుచుకుంటుంది.

సరిగ్గా ఈ క్షణంలోనే అందరూ దెబ్బతింటారు. లేచేదాకా వెనక్కి వాలి ఉన్నారు కదా, అలాగే ఉండిపోతే బోర్డు ఆగదు, నేరుగా ఆకాశానికి పోతుంది. బోర్డు పరుచుకున్న మరుక్షణం భుజాలు మోకాళ్ల మీదికి తేవాలి. ఛాతీ ముందుకు, గడ్డం ముందుకు, చూపు పడవలోని మనిషి తల మీద. బోర్డు వైపు చూడకండి, చూపు కిందికి పోతే భుజాలు కూడా దాని వెంటే పోతాయి.

నీటి మీదే ఉండటం

మొదటి రోజంతా ఇదే. బోర్డు నీళ్లకు అంటుకునే ఉండాలి. టపటపమని నీళ్లు కొట్టే చప్పుడు వినిపిస్తూ ఉంటే మీరు సరిగ్గా ఉన్నట్టు. తొడలు వణుకుతాయి, ఉప్పు కళ్లలో మండుతుంది, అయినా ముందుకే వంగి ఉండండి. నిమిషం పాటు పడకుండా వెళ్లగలిగాక, తలను కాస్త కుడికి వంచి చూడండి. బోర్డు కుడికి తిరుగుతుంది. ఎడమకు వంచండి. ఇంకా ఎగరకుండానే ఇలా వంపులు తిరగడం వచ్చిందంటే సగం విద్య వచ్చేసినట్టే. నా తర్వాత నేర్చుకున్న మా మేనల్లుడు నా పదకొండు పడటాల కథ విని, మొదటి రోజు ఒక్కసారి కూడా లేవనని పట్టు పట్టాడు. రెండో రోజు నాకన్నా బాగా ఎగిరాడు.

ఒక పూటకు పదిహేను ఇరవై నిమిషాలే తాడు పట్టుకోండి. చేతులు అలిసిపోయాక నేర్చుకునేది తప్పులే.

లేవడం

పడవ వేగం అదే. ఇప్పుడు ఊపిరి వదులుతూ భుజాలను అర అంగుళం వెనక్కి పోనివ్వండి. వాలడం కాదు, ముందుకు నెట్టుకున్న బలాన్ని కాస్త సడలించడం. బోర్డు కింద చప్పుడు మారుతుంది. మొదట టపటప పలుచబడుతుంది, తర్వాత బోర్డు మడమ ఒక్కటే నీళ్లను గీస్తున్నట్టు సన్నటి సరసర, ఆ తర్వాత చప్పుడే ఉండదు. దూరంగా పడవ ఇంజిన్ హోరు, మీ ఊపిరి, కింద కాడ నీళ్లను కోసుకుపోయే చిన్న సవ్వడి, అంతే. నీటి గరుకంతా ఒక్కసారిగా మాయమవుతుంది. కింద చిన్న అలలు వరసగా జరిగిపోతుంటాయి, మీకు మాత్రం ఏమీ తగలదు. ఒడ్డున కొండలు పచ్చగా పక్కన వెనక్కి పోతుంటాయి. ఆ నిశ్శబ్దం వినడం కోసమే నేను ఇప్పటికీ పొద్దున నాలుగున్నరకు లేస్తాను.

చప్పుడు ఆగిన వెంటనే భుజాలు మళ్లీ అర అంగుళం ముందుకు తేవాలి. అలా తేకపోతే కుర్చీ లేస్తూనే ఉంటుంది. జానెడు ఎత్తు చాలు. ఆ జానెడు ఎత్తులో మూడు సెకన్లు ఉండి, మళ్లీ బోర్డును నీళ్లకు తాకించండి. లేవండి, తాకించండి. లేవండి, తాకించండి. దిగడం మీ చేతుల్లో ఉందని ఒంటికి నమ్మకం కుదిరే దాకా ఇలాగే చేయండి. మూడు సెకన్లు ఐదవుతాయి, ఐదు పదవుతాయి.

ఎక్కువ ఎత్తుకు పోతున్నామని అనిపించినప్పుడు కంగారులో ఒక్కసారిగా ముందుకు వంగిపోతారు. అప్పుడు ముక్కు పొడుచుకుంటుంది, దాన్ని సరిదిద్దడానికి వెనక్కి వాలతారు, మళ్లీ ఎగురుతుంది. ఇలా డాల్ఫిన్‌లా పైకీ కిందికీ ఊగుతూ నాలుగో ఊపుకు పడిపోతారు. ఊపు మొదలైందని తెలియగానే చేయాల్సింది ఒక్కటే. భుజాలు ముందుకు తెచ్చి అక్కడే ఉంచేయండి. బోర్డు నీళ్లను తాకనివ్వండి. నిమ్మళించాక మళ్లీ మొదలు.

సముద్రంలో పొడవాటి అలలు మిమ్మల్ని దాటిపోతుంటాయి. అల మీదికి ఎక్కేటప్పుడు నీరు మీ దగ్గరికి లేస్తుంది, దిగేటప్పుడు కిందికి జారుతుంది. అల నెత్తి దగ్గర భుజాలు కాస్త ముందుకు వేయకపోతే అవతల నీళ్లు తగ్గిపోయి రెక్క గాలిలోకి వచ్చేస్తుంది. దీన్ని మాటల్లో ఎంత చెప్పినా చాలదు, ఒళ్లే పట్టుకోవాలి. పదో అల దగ్గర దొరుకుతుంది.

పడటం

పడతారు. సరిగ్గా పడటం నేర్చుకుంటే దెబ్బలు తగలవు. రెక్క బయటికి వచ్చిందని తెలిసిన క్షణమే హ్యాండిల్ వదిలేయండి. పట్టుకుని వేలాడితే పడవ మిమ్మల్ని ఫాయిల్‌తో సహా ముందుకు ఈడుస్తుంది. చేతులు ఛాతీకి దగ్గరగా ముడుచుకోండి, నీళ్లను ఆపడానికి చాచకండి, భుజం జారుతుంది. గడ్డం ఛాతీకి ఆనించండి, నోరు మూసుకోండి. బెల్టు విప్పే ప్రయత్నం గాలిలో ఉండగా చేయవద్దు. కుర్చీకి కట్టేసి ఉన్నారు కాబట్టే రెక్క ఎప్పుడూ మీ కాళ్ల కిందే ఉంటుంది. విడిపోతే అది మీ మీదికి రావచ్చు.

నీళ్లలో అంతా ఆగాక, పక్కకు ఒరిగి చేతులతో రెండు బారలు వేస్తే తల పైకి వస్తుంది. రాకపోతే బెల్టు విప్పండి, వేళ్లకు దారి తెలుసు. పైకి రాగానే రెండు చేతులూ తల మీదికి ఎత్తండి. పడవలో మిమ్మల్నే చూస్తున్న మనిషికి అప్పటిదాకా గుండె దడదడలాడుతూ ఉంటుంది.

తలకు దెబ్బ తగిలినట్టు అనిపిస్తే, తల తిరిగినా వాంతి వస్తున్నట్టున్నా, ఆ రోజుకు ఆపేసి డాక్టరుకు చూపించండి. ఇంకొక్కసారి వెళ్దామని ఎవరు అన్నా వినకండి.

వేక్ దాటడం

పడవ వెనక రెండు వైపులా విడిపోయే అలను వేక్ అంటారు. తాడుకు తిన్నగా నడుమ ఉన్నంతకాలం దాని బాధ లేదు. జానెడు ఎత్తులో నిలకడగా నిమిషం పాటు ఎగరగలిగాకే దాన్ని దాటే ఆలోచన చేయండి. తల, భుజం దాటాలనుకున్న వైపు వంచండి. బోర్డును వంచే ప్రయత్నం వద్దు, తల వెళ్తే బోర్డు వెళ్తుంది. వేక్ దగ్గరికి వచ్చేసరికి ఎత్తు మధ్యస్థంగా ఉండాలి. మరీ కిందుంటే బోర్డు అలకు గుద్దుకుంటుంది, మరీ పైనుంటే అల దిగిన చోట రెక్క బయటపడుతుంది. దాటేటప్పుడు భుజాలు కాస్త ముందుకు వేసి, అలను కాడతో కోసుకుంటూ పోవాలి. మొదటిసారి దాటినప్పుడు నాకు అల తగిలినట్టే అనిపించలేదు.

గెంతడం, గాలిలో పల్టీలు కొట్టడం గురించి ఇక్కడ రాయడం లేదు. కనీసం ఒక సీజన్ అంతా ఎగిరాక, పక్కనే ఉండి చూపించే మనిషి దొరికాకే అవి.

ఒడ్డుకు వచ్చాక

మన ఉప్పుగాలి ఇంటి కిటికీ ఊచలనే తినేస్తుంది, ఈ కుర్చీని వదులుతుందా. అల్యూమినియం కాడలో స్టీలు బోల్టులు ఉంటాయి. రెండు లోహాల మధ్య ఉప్పునీరు నిలిస్తే అల్యూమినియం తెల్లగా పొడిబారి, బోల్టు అతుక్కుపోతుంది. నాది ఒకసారి వారం రోజులు అలాగే వదిలేస్తే రెక్క బోల్టు ఎంత తిప్పినా రాలేదు. లేత్ మీద డ్రిల్ చేయించి తీయించాల్సి వచ్చింది. అప్పటి నుంచి దిగిన ప్రతిసారీ ఒక బకెట్టు మంచినీళ్లతో అంతా కడిగి, బోల్టులు నాలుగూ విప్పి, తుడిచి, మెరైన్ గ్రీజు రాసి, వదులుగా బిగించి పెడుతున్నాను. గట్టిగా బిగించేది మళ్లీ వెళ్లే రోజు పొద్దున, పడవ ఎక్కే ముందు.

రెక్క అంచును వేళ్లతో తడిమి చూడండి. రాయి తగిలి చిన్న గాటు పడినా కుర్చీ ఒక పక్కకు లాగుతుంది, కాడ ఈలలా మోగుతుంది. సన్నటి ఎమెరీ కాగితంతో సాఫు చేస్తే పోతుంది. ప్లాస్టిక్ సంచి ముక్క చుట్టుకున్నా ఇలాగే లాగుతుంది, ముందు అదేమో చూడండి. రవాణాలో రెక్కలకు గుడ్డ చుట్టండి, ఆ అంచులు చేతులు కోస్తాయి.

ఆఖరున బెల్టు బకిల్. ఇసుక అందులోనే దాక్కుంటుంది. మంచినీళ్లలో ముంచి, పదిసార్లు తెరిచి మూసి, ఇంకా గరగరలాడుతోందేమో చెవి దగ్గర పెట్టుకుని వినండి. గరగర ఉంటే మళ్లీ ముంచండి.